ప్రమాదం, విధి: నీటిపాలైన రెండు మాటలు



నీటి మీద రెండు నావలు ఢీకొన్నాయన్న వార్త ఏ పత్రికలో వచ్చినా రెండు మాటలు తప్పక కనిపిస్తాయి. ఒకటి ప్రమాదం, రెండవది విధి. ప్రమాదవశాత్తు జరిగిందంటారు. విధి వక్రించిందంటారు. ముప్ఫై యేళ్ళకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి, ఇప్పుడు విశ్రాంతిగా ఈ టపాలు వ్రాసుకుంటున్న నాకు ఈ రెండు మాటల వాడుక మీద బలమైన ఫిర్యాదు ఉంది. అది పండితుల ఛాందసం అనుకొని ప్రక్కకు పోకండి. మాట అర్థం తప్పితే మనిషి ప్రాణం తప్పుతుందన్నది నా వాదం. చివరిదాకా చదివి అప్పుడు కాదనండి.

మొదట ప్రమాదం సంగతి చూద్దాం. ఈ మాట మూలార్థం ఆపద కాదు. అమరకోశం దీనికి చెప్పే అర్థం అనవధానత. అనగా ఏమరుపాటు, పరాకు, చూడవలసిన చోట చూడకపోవడం. ఏమరుపాటు వలన ఆపద కలుగుతుంది గనుక, కారణానికి ఉన్న పేరును మనం కార్యానికి తగిలించాం. భాషలో ఇటువంటివి జరుగుతూనే ఉంటాయి, దానికి నేను అడ్డు చెప్పను. కాని ఈ మార్పులో ఒక మోసం జరిగిపోయింది. ప్రమాదవశాత్తు అంటే ఏమరుపాటు వలన అని అర్థం రావాలి. మనం దానిని ఎవరి తప్పూ లేకుండా అనే అర్థంలో వాడుతున్నాం. తప్పును చూపవలసిన మాట తప్పును కప్పే దుప్పటి అయి కూర్చుంది.

విధి కథ ఇంకా విచిత్రం. ఈ మాటకు రెండర్థాలు. నుదుటి వ్రాత ఒకటి, శాస్త్రం చేయమన్న పని మరొకటి. విధినిషేధాలు అన్నప్పుడూ, విధినిర్వహణ అన్నప్పుడూ మనకు రెండవ అర్థమే. ఏది చేయాలో అది విధి, ఏది చేయకూడదో అది నిషేధం. నీటి మీద నావ నడిపేవాడికి ఇటువంటి విధులు స్పష్టంగా, అంకెలు వేసి మరీ ఉన్నాయి. వాటిని పాటించనప్పుడు జరిగినదానికి మనం మొదటి అర్థంలో విధి అని పేరు పెట్టి చేతులు దులుపుకుంటున్నాం. రెండవ విధిని ఎగవేసినవాడికి మొదటి విధి చాటు దొరికింది. ఇంతకంటె అన్యాయం ఒక మాటకు జరుగుతుందా?

నేను పండితుణ్ణే గాని నావికుణ్ణి కాను. ఈ విషయం నాకు పట్టడానికి కారణం మా అబ్బాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉద్యోగం. వారమంతా కంప్యూటరు, వారాంతంలో విండ్‌సర్ఫింగ్. తెలియనివారి కోసం చెబుతాను. మనిషి పొడవును మించిన ఒక పలక, దాని మీద ఎటు కావాలంటే అటు వాలే కీలుతో బిగించిన కొయ్య, ఆ కొయ్యకు తెరచాప. పలక మీద నిలబడి ఆ తెరచాపను చేతులతో పట్టుకొని గాలితో పరుగెత్తడమే ఆట. చుక్కాని ఉండదు. కొయ్యను ముందుకు వాలిస్తే పలక గాలి పోయే దిక్కుకు తిరుగుతుంది, వెనుకకు వాలిస్తే గాలి వచ్చే దిక్కుకు తిరుగుతుంది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఇది ఒలింపిక్ క్రీడ కూడా అయింది.

వేసవిలో మేము అక్కడ ఉన్నప్పుడు గోల్డెన్ గేట్ వంతెనకు లోపలి వైపున ఉన్న క్రిస్సీ ఫీల్డ్ అనే తీరానికి తీసుకువెళ్ళాడు. మధ్యాహ్నం దాటిన తరువాత అక్కడ గాలి రేగుతుంది. లోపలి లోయలో నేల వేడెక్కి గాలి పైకి లేస్తే, ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లగాలి ఆ ఇరుకు ముఖద్వారం గుండా దూసుకు వస్తుంది. మన కోస్తాలో వేసవి సాయంత్రం సముద్రం మీది నుండి చల్లగాలి రావడానికి కారణం ఏదో, దీనికీ అదే. కాకపోతే అక్కడ అది 20 నాట్లకు చేరడం మామూలు. (నాట్లంటే వరినాట్లు కావు! ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.) ఆ గాలిలో ఒకవైపు తెరచాప పలకలు, ఇంకొకవైపు జనాన్ని దాటించే ఫెర్రీలు, వాటి నడుమ ఓక్లండ్ రేవుకు పోయే కొండంత కంటెయినర్ ఓడలు.

ఇంతమంది ఒకరినొకరు గుద్దుకోకుండా ఎలా తిరుగుతున్నారని అడిగాను. “విధులున్నాయి నాన్నగారూ, నోటికి రావాల్సిందే” అన్నాడు. వాడికి తెలియకుండానే విధి అన్న మాటను సరైన అర్థంలో వాడాడు. తెలుగు పంతులికి అంతకంటె సంతోషం ఏముంటుంది?

ఆ విధులేమిటో చెబుతాను. నావలు ఢీకొనకుండా ప్రపంచ దేశాలు 1972లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. 1977లో అది అమలులోకి వచ్చింది. అందులో ఐదవ విధి అన్నిటికీ తలమానికం. ప్రతి నావా ఎల్లవేళలా కంటితోనూ, చెవితోనూ, అందుబాటులో ఉన్న ప్రతి సాధనంతోనూ చుట్టూ గమనిస్తూ ఉండాలని దాని సారాంశం. చూశారా? అమరకోశం అనవధానత అన్నదానికి ఇది సరిగ్గా విరుగుడు. అనవధానత పోవాలంటే అవధానం కావాలి.

అవధానం అనగానే మన తెలుగువారి ఛాతీ పొంగుతుంది. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చొని పద్యం అడుగుతూ, అప్రస్తుత ప్రసంగం చేస్తూ, నడుమ గంట కొడుతూ ఉంటే, ఎక్కడా తప్పకుండా అందరికీ బదులు చెప్పడం మన విద్య. తెరచాప పలక ఎక్కినవాడు చేసేదీ అష్టావధానమే. గాలి బలం ఒకటి. అల ఎత్తు రెండు. పోటుపాటుల లాగుడు మూడు. ఎదురుగా వచ్చేవాడు నాలుగు. గాలికి ఎగువన ఉన్నవాడు ఐదు. దిగువన ఉన్నవాడు ఆరు. ఈతగాళ్ళు ఏడు. పెద్ద ఓడ ఎనిమిది. ఇక్కడ గంట కూడా ఉంది! నీ ఉద్దేశం నాకు అర్థం కావడం లేదు, జాగ్రత్త అని చెప్పడానికి ఓడ కనీసం ఐదు పొట్టి కూతలు వెంటవెంటనే వేస్తుంది. మన అవధాని గంటలు లెక్కపెట్టకపోతే సభలో నవ్వులు వినబడతాయి. అక్కడ లెక్కపెట్టకపోతే ఏమి జరుగుతుందో చెప్పనక్కరలేదు.

ఇక దారి ఎవరు ఇవ్వాలన్న విధులు. ఎదురెదురుగా వచ్చే రెండు తెరచాపలలో, ఎడమ ప్రక్కన గాలి తగులుతున్నవాడు తప్పుకోవాలి. పలక మీది వారికి దీనికొక సులువైన గుర్తు. కొయ్యకు దగ్గరగా కుడిచేయి ఉన్నవాడు నిలకడగా పోవాలి, ఎడమచేయి ఉన్నవాడు తప్పుకోవాలి. ఇద్దరికీ ఒకే ప్రక్క గాలి అయితే గాలికి ఎగువన ఉన్నవాడు దిగువవాడికి దారి ఇవ్వాలి. దీనిలో న్యాయం ఉంది. దిగువవాడి వీపు ఎగువవైపుకు ఉంటుంది, వాడు చూడలేడు. ఎగువవాడి ముఖం దిగువవైపుకే ఉంటుంది. ఆ చూపుకు తన తెరచాపే అడ్డు రాకుండా దానిలో పారదర్శకమైన కిటికీ కుట్టి ఉంటుంది. వెనుకనుండి దాటిపోయేవాడు, ఎవడైనా సరే, దాటబడేవాడికి దూరంగా పోవాలి. మరపడవ సాధారణంగా తెరచాపకు దారి ఇవ్వాలి. కాని ఇరుకు కాలువలో తప్ప పోలేని పెద్ద ఓడకు మాత్రం తెరచాప అడ్డు రాకూడదు.

“తెరచాపకు మరనావ దారి ఇవ్వాలి కదా, ఓడే తప్పుకోవాలి” అని వాదించే వీరులు అక్కడా ఉంటారట. వారికి ఒక లెక్క చెప్పాలి. ఓడ వంతెన మీద నిలబడిన కెప్టెనుకు తన ముక్కు ముందు రెండు ఓడల పొడవు గాని, 500 మీటర్లు గాని, ఏది తక్కువైతే అంతవరకు నీరు కనబడకపోయినా అంతర్జాతీయ నియమాలు ఒప్పుకుంటాయి. అనగా అర కిలోమీటరు దూరంలో ఉన్న పలకను చట్టబద్ధంగా నడిచే ఓడ కూడా చూడకపోవచ్చు. చూసినా ఆపలేదు, అంత బరువు నిలవడానికి కిలోమీటరుకు పైగా పట్టవచ్చు. పైగా ఆ ఓడ గోడ గాలిని మింగేస్తుంది. దాని చాటుకు పోయిన తెరచాప చచ్చుబడి, మనిషి నీళ్ళలో పడతాడు. వాడి వాదం వినడానికి అక్కడ న్యాయమూర్తి ఉండడు.

మనం రోడ్డు మీద నేర్చుకున్న దుర్గుణాన్ని నీటి మీదికి తేకూడదని నేను నొక్కి చెప్పేది ఇందుకే. రోడ్డు మీద మనకు హారన్ కొట్టినవాడిదే హక్కు, బండి పెద్దదైతే మరీ హక్కు. నీటి విధులలో ఈ అహంకారానికి చోటు లేదు. తప్పుకోవలసినవాడు ముందుగానే, ఎదుటివాడికి స్పష్టంగా తెలిసేటంత పెద్ద మలుపు తీసుకోవాలి. నిలకడగా పోవలసినవాడు తన దారిని, వేగాన్ని మార్చకుండా పోవాలి. ఎదుటివాడు తప్పుకోవడం లేదని తెలిస్తే అతడూ తప్పించుకోవచ్చు. ఎదుటివాడు ఒక్కడు తప్పుకుంటే చాలనంత దూరం లేకపోతే అతడు తప్పించుకొని తీరాలి. చూడండి, ఒకరికి ఒక విధి, మరొకరికి మరొక విధి. హక్కు ఎవరికీ లేదు.

వేగం గురించీ ఒక మాట. 20 నాట్ల వేగంతో ఎదురెదురుగా వస్తున్న ఇద్దరి మధ్య 200 మీటర్ల దూరం పది సెకన్లలో కరిగిపోతుంది. ఒక సీసపద్యంలో మొదటి పాదం చదివి ముగించేలోపు. ఆ పది సెకన్లలో చూడాలి, గుర్తించాలి, ఎవరి విధి ఏదో తేల్చుకోవాలి, తిరగాలి. విధి ముందే నోటికి వచ్చి ఉండకపోతే అప్పుడు ఆలోచించి లాభం లేదు.

ఇదంతా పరాయి దేశపు ఆట, మనకెందుకు అనేవారికి ముంబయి సంగతి గుర్తు చేస్తాను. 2024 డిసెంబరు 18న గేట్‌వే ఆఫ్ ఇండియా నుండి ఎలిఫెంటా దీవికి నూరుమందికి పైగా జనంతో పోతున్న నీల్‌కమల్ అనే ఫెర్రీని, ఇంజను పరీక్షలో ఉన్న నౌకాదళపు స్పీడ్ బోటు ఢీకొట్టింది. పదిహేను మంది చనిపోయారు. ఇంజనులో లోపం వచ్చి బోటు అదుపు తప్పిందని నౌకాదళం ప్రకటించింది. తప్పెవరిదో తేల్చడం విచారించేవారి పని, నాది కాదు. కాని ఆనాడు మనం వ్రాసుకున్న మాటల గురించి మాట్లాడే అర్హత నాకుంది. యంత్రం చెడింది, ఇక ఎవరేమి చేస్తారు, విధి అన్నారు చాలామంది.

నేను అడిగేది ఒక్కటే. యంత్రం చెడవచ్చునన్న అనుమానం ఉండబట్టే కదా దానికి పరీక్ష? చెడవచ్చునని తెలిసిన యంత్రానికీ, పసిపిల్లలున్న పడవకూ నడుమ ఎంత నీరు ఉండాలి? ఆరవ విధి దీని గురించే. చుట్టూ ఎన్ని నావలున్నాయి, చూపు ఎంత దూరం ఆనుతుంది, నావ ఎంతలో ఆగగలదు, ఎంతలో తిరగగలదు అని చూసుకొని వేగం నిర్ణయించుకోవాలి అంటుంది. తప్పు చేసే యంత్రానికి, తప్పు చేసే మనిషికి కూడా చోటు వదలడమే జాగ్రత్త.

ఆ తరువాత అక్కడి ఫెర్రీలలో లైఫ్ జాకెట్ తప్పనిసరి చేశారు. మంచిదే, కావలసినదే. కాని ఒక సంగతి గమనించండి. లైఫ్ జాకెట్ గుద్దుకున్న తరువాత పనికివచ్చేది. గుద్దుకోకుండా చేసేది కాదు. ప్రతి విషాదం తరువాతా మన చర్చ అంతా జాకెట్టు చుట్టూ తిరిగి అక్కడే ఆగిపోతుంది. ఎవరు చూస్తున్నారు, ఎంత వేగంతో పోతున్నారు, ఎవరు తప్పుకోవలసి ఉంది అన్న మూడు ప్రశ్నలు ఎవరూ అడగరు.

గాలి, నీటి పరిస్థితుల విషయంలోనూ ఇదే అనవధానత. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో పాపికొండల యాత్ర పడవ మునిగినప్పుడు ఎదుటి నావ ఏదీ లేదు. అక్కడ ఢీకొన్నది నది తోనే. బయలుదేరడమా, మానడమా అన్నది రేవులోనే తేలవలసిన ప్రశ్న. తెరచాప పలకవారికి ఈ పాఠం మొదటి రోజే చెబుతారు. నేల వైపు నుండి సముద్రం వైపుకు వీచే గాలిని నమ్మవద్దంటారు. ఒడ్డు దగ్గర నీరు అద్దంలా ఉంటుంది, గాలి మెత్తగా తోస్తుంది, క్రొత్తవాడికి హాయిగా ఉంటుంది. కొంతదూరం పోయాక గాలి బలం తెలుస్తుంది, అప్పటికి వెనుకకు రాలేడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పాటు సమయాన నీరు ముఖద్వారం గుండా సముద్రంలోకి లాగుతుంది. దానికి ఎదురుగా గాలి వీస్తే అలలు నిట్టనిలువుగా లేస్తాయి. గాలి పడిపోతే పలక మీదివాడు నీటితో పాటు బయటికి కొట్టుకుపోతాడు. ఏమి జరిగినా పలకను వదలవద్దన్నది వారి నిషేధం, తేలేది అదే గనుక.

“మన జాలరులు ఏ పుస్తకం చదివారు? వేల యేళ్ళుగా సముద్రం మీద బ్రతకడం లేదా?” అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. మంచి ప్రశ్న. దానికి సమాధానం వారి ప్రశ్నలోనే ఉంది. జాలరి పుస్తకం చదవలేదు గాని, తాత దగ్గర తండ్రి, తండ్రి దగ్గర కొడుకు కూర్చొని నేర్చుకున్నారు. మబ్బు రంగు చూసి తెప్పను ఒడ్డుకు లాగే జ్ఞానం అది. ఆ శాస్త్రం వ్రాతలో లేదు గాని నోటిలో ఉంది. పావుగంటకు డబ్బు కట్టి జెట్ స్కీ ఎక్కే కుర్రవాడికి ఆ నోటి శాస్త్రమూ లేదు, ఈ వ్రాత శాస్త్రమూ లేదు. చేతిలో మాత్రం జాలరి తెప్పకు పదింతల వేగం ఉంది. వాడిని జాలరితో పోల్చడం జాలరికి అవమానం.

ఇంకొందరు, నియమాలు పెడితే ఆటలో ఆనందం ఏముంది, సముద్రం అంటేనే స్వేచ్ఛ కదా అంటారు. ఛందస్సు కవిత్వాన్ని చంపుతుందన్నవారికి చెప్పిన సమాధానమే వీరికీ చెబుతాను. యతిప్రాసలు చేతికి వచ్చినవాడికి అవి గుర్తుకే రావు, భావం పరుగెడుతుంది. రానివాడికే అవి సంకెళ్ళు. క్రిస్సీ ఫీల్డ్‌లో ఆ పలకలు కొంగల బారులా ఒకదానినొకటి తప్పుకుంటూ పోతుంటే నేను చూసింది స్వేచ్ఛనే. ఆ స్వేచ్ఛకు ఆధారం విధులు.

మన ముంగిట్లోకి వద్దాం. హుస్సేన్ సాగర్‌లో పందెపు తెరచాపలూ, బుద్ధ విగ్రహం దగ్గరకు జనాన్ని తీసుకుపోయే మరపడవలూ ఒకే నీటి మీద తిరుగుతాయి. విశాఖ ఋషికొండ తీరంలో ఈతగాళ్ళూ, అలల పలకలూ, అద్దె మరపడవలూ ఒకే చోటికి చేరతాయి. తెరచాప నడిపేవారికి క్లబ్బులో ఈ విధులు నేర్పుతారు. అద్దెకు ఎక్కినవాడికి నేర్పేది ఎవరు?

అందుచేత నేను కోరేవి నాలుగు. ఒకటి, అద్దెకు పలకగాని మరపడవగాని ఇచ్చేముందు, ఎవరు ఎవరికి తప్పుకోవాలో పది నిమిషాలు చెప్పి, తిరిగి అప్పజెప్పించుకోవాలి. బడిలో ఎక్కం అప్పజెప్పించుకున్నట్టే. రెండు, ఈతగాళ్ళకు వేరు, తెరచాపకు వేరు, మోటారుకు వేరు నీరు కేటాయించి, బంతులు కట్టి హద్దు చూపాలి. మూడు, ఆనాటి గాలి ఏ దిక్కు నుండి, ఎంత బలంతో, పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అన్నది రేవులో నల్లబల్ల మీద తెలుగులో వ్రాసి పెట్టాలి. నాలుగు, వార్త వ్రాసేవారు ప్రమాదవశాత్తు అన్న మాటను మానివేసి, నేను పైన చెప్పిన మూడు ప్రశ్నలకు జవాబు వెతకాలి. వీటిలో ఏదీ కోట్లతో కూడిన పని కాదు. నల్లబల్లకూ సుద్దముక్కకూ ఎంత ఖర్చవుతుందో నాకు బాగా తెలుసు.

మిత్రులారా, మనమంతా మాటలతో బ్రతికేవాళ్ళం. ఇంగ్లీషు మాటకు తెలుగు మాట ఏదని గంటల తరబడి తర్జనభర్జన పడతాం. ఉన్న తెలుగు మాటలు దారి తప్పితే పట్టించుకోవడం కూడా మన పనే. ఇకపై మీ టపాలలో నీటి మీది విషాదం గురించి వ్రాయవలసి వస్తే, దేవుడి దయవల్ల ఆ అవసరం రాకూడదు గాని వస్తే, ప్రమాదం అని వ్రాసేముందు ఎవరి ఏమరుపాటు అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. విధి అని వ్రాసేముందు ఏ విధి, ఎన్నవ విధి అని అడగండి. జవాబు దొరకకపోతే ఆ వాక్యం వ్రాయకండి.

ఈ వాదంతో విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్యలలో తెలుపగలరు. నావికా విద్య తెలిసినవారు ఇంకా చెబితే నేర్చుకుంటాను. పరాకుగా చదివి పోవద్దని మాత్రం మనవి.

స్వస్తి.